మూత తీయొద్దన్న ప్రింటరు

సూరత్‌లో, బమ్రోలిలోని తెలుగు నేతన్నల సంఘం ఆఫీసు. కింద మగ్గాల షెడ్డు, పైన ఈ ఒక్క గది. బల్ల మీద ప్రింటరు, దాని మీద తువ్వాల. మాట్లాడుతున్నది సంఘం అధ్యక్షుడు సోమలింగం, దసరాకు ఊరికి పోయి ఆ పొద్దున్నే తిరిగొచ్చిన ఆఫీసు క్లర్కు విజయశ్రీ.

"దాన్ని ముట్టకు బిడ్డా. అది ఖరాబైంది. కొత్తది కొందాం."

"ఖరాబైందా? నేను ఊరికి పోయేనాడు బరాబర్ నడిచింది గద కాకా."

"నువ్వు పోయినంక ఖరాబైంది."

"ఏమైంది? కాయితం ఇరుక్కుంటుందా?"

"ఇరుక్కుంటలేదు."

"ఇంకు రాలేదా?"

"ఇంకు మంచిగనే వస్తుంది. జర ఎక్కువనే వస్తుంది."

"ఎక్కువ వచ్చుడేంది?"

"గవన్ని నీకెందుకు? కొత్తది కొంటమంటే వద్దనే ఆఫీసు యాడనన్న ఉంటదా?"

"వద్దంటలేను కాకా, పరేషాన్ అయితున్న. ఒక్క ఇంకు సీసా కోసం మీటింగు మీద మీటింగు పెట్టిచ్చిన మనిషి మీరు. ఇయ్యాల మీ నోట్లకెళ్ళి కొత్త ప్రింటరు మాట వచ్చింది. జరమొచ్చిందా?"

"జరం లేదు, గిరం లేదు. ఏది కొనాలె, చెప్పు."

"మీకెసుంటిది కావాలె?"

"మంచిది."

"మంచివి మస్తు రకాలున్నయి. ఒకటి డబ్బీలది. ప్రింటరు అగ్గువకే ఇస్తరు, ఇంకు డబ్బీ కొనబోయినప్పుడు ఏడిపిస్తరు. ఇంకోటి సీసాలకెళ్ళి ఇంకు పోసుకునేది. మనది గదే. రోజు ఒక్క కాయితమన్న తియ్యాలె, లేకుంటే లోపల ఎండిపోయి గీతలు పడ్తది. మూడోది లేజరుది. అది పొడితోని నడుస్తది, ఎండిపోయే బాధ లేదు. కింద మగ్గాల నూగు ఎగిరొచ్చి పడ్తది గద, దానికి సుత జర తట్టుకుంటది."

"వీటిల మూత లేనిది ఏది?"

"ఏం మూత?"

"గదే... మీద ఉండే మూత. లేపితే అద్దముంటది సూడు. అద్దం లేనిది కావాలె."

"అద్దం లేకుంటే జిరాక్స్ ఎట్ల తీస్తం?"

"జిరాక్స్ బజార్ల తీసుకుంటరు. మనకేమొచ్చె?"

"కాకా, మనకొచ్చేదే జిరాక్స్ పని. ఆధార్ జిరాక్స్, రేషన్ కార్డు జిరాక్స్, కిరాయి కాయితం జిరాక్స్. ప్రింటు తియ్యిమని ఎవలొస్తరు ఈడికి? జిరాక్స్ తియ్యని ప్రింటరు తెస్తే సంఘం మనల్ని మెట్ల మీదికెళ్ళి కిందికి నూకుతది."

"నూకితే నూకనీ."

"అద్దం మీద మీకేం కోపం?"

"కోపమేంది? ఉత్తగ అడిగిన."

"సరే, కొత్తది తర్వాత చూద్దాం. ముందుగాల దీనికేమైందో చూస్త. తువ్వాల తియ్యుండ్రి."

"అరె, వద్దంటున్న గద! షాకు కొడ్తది."

"ప్లగ్గు పీకి ఉన్నది కాకా."

"అయినా కొడ్తది."

"మల్ల మగ్గం నూనె పోసిండ్రా దీంట్ల?"

"అమ్మతోడు, పోయలే. పోయినేడు పోసి నీతోని తిట్లు తిన్న గద. మగ్గానికి నూనె పోస్తే సప్పుడు తగ్గుతది, దీనికి పోస్తే నీ సప్పుడు పెరిగింది. అప్పుడే చెవులు పట్టుకున్న."

"మరి ఎందుకింత భయపడ్తుండ్రు?"

"భయమేంది? భంగారోనికి ఫోన్ చేసిన. వస్తుండు. పాత సామానంత తీస్కపోయేటోడు."

"కొత్తది రాకముందే పాతది పాత సామానోనికిస్తరా?"

"సచ్చినదాన్ని ఇంట్ల పెట్టుకుంటమా?"

"సచ్చిందో లేదో నాడి పట్టి చూడనియ్యుండ్రి మరి! కుట్టు క్లాసు అర్జీల జిరాక్సులు దీంట్లనే తీసిండ్రు గద? మీరే తీసిండ్రట, మన సెక్రటరీ నరహరి కాక చెప్పిండు."

"నేనే తీసిన. నువ్వు లేవు, పని ఆగుతదా? నేర్సుకున్న."

"కింద బోర్డు మీద అంటిచ్చినయి చూసొచ్చిన. మంచిగ తీసిండ్రు కాకా. ఒక్కటి సుత వంకర లేదు. అంచుకు అంచు పెట్టినట్టున్నయి."

"మరేమనుకున్నవ్? బట్ట అంచు సూసిన కండ్లు ఇవి. వంకర పోతయా?"

"అన్ని మంచిగున్నయి. ఫొటోల వినోదక్కకు రెండు బొట్లెందుకున్నయో అదే సమజ్ కాలే."

"ఏ వినోద?"

"మన వినోదక్కనే. నొసటి మీద తన బొట్టొకటి, దాని మీద ఇంకో నల్లబొట్టు. సంతోషికి సుత గట్లనే ఉన్నది. హారతికైతే నడిమిట్ల ఒకటి, పక్కకొకటి."

"ఆడోళ్ళ ఫ్యాషన్లు మొగోన్నడిగితే నాకేమెరుక?"

"అందరికి ఒకటే రోజు, ఒకటే జాగల ఫ్యాషనా?"

"దోమ వాలిందేమో కాయితం మీద."

"దోమ అందరి నొసటి మీద లెక్కపెట్టుకొని వాలిందా?"

"నువ్వు వకీలు సదువు సదువకపోతివి బిడ్డా. ఛాయ్ తెప్పియ్యాల్నా?"

"వద్దు. మెట్ల కాడ నరహరి కాక ఇంకో మాట చెప్పిండు. జమున వదినె ముచ్చట."

"ఆ ముచ్చట ఎత్తకు."

"'మొగడు పోయిన ఆడిది బొట్టు పెట్టుకొని ఫొటో దిగింది, సంఘం బోర్డు మీదికెక్కింది, ఆదివారం నలుగుట్ల నిలబెట్టి అడుగుతున్నం' అన్నడు. నిజమేనా?"

"సంఘమన్నంక అడుగుతరు."

"ఎవరడుగుతరు?"

"పెద్దమనుషులు."

"పెద్దమనుషులకు పెద్దెవరు?"

"ఆ ఫ్యాను జర పెంచు బిడ్డా."

"కాకా, పెద్దెవరు?"

"నేనే. తెల్సి అడుగుతవేంది?"

"ఒకవేళ పెట్టుకున్నదే అనుకో. పెట్టుకుంటే మీకేం నొప్పి?"

"నాకేం నొప్పి లేదు. పెద్దమనుషులకు నొప్పి."

"పెద్దమనిషి మీరే గద!"

"మీటింగుల పెద్దమనిషిని. ఈడ ఒంటిగున్నప్పుడు మామూలు మనిషినే."

"కుట్టు క్లాసులకెళ్ళి ఆమె పేరు తీసేస్తరట?"

"తీసెయ్యం. తప్పైందని ఒక్క మాటంటే ఉంచుతం. చిన్న మాట. అనేస్తే అయిపాయె."

"ఆ క్లాసు కోసం ఆమె ఎన్నొద్దుల సంది ఎదురు చూస్తుందో మీకెరుకనా? చీరెలకు రాళ్ళంటిచ్చి అంటిచ్చి కండ్లు పోతున్నయి ఆమెకు. కుట్టు పని వస్తే ఇంట్ల కూసోని చేస్కుంటనని అర్జీ నాతోనే రాపిచ్చింది. ఫొటో సుత నేనే తీసిన, ఊరికి పోయే ముందు, ఈ గోడ కాడనే. ఇగో నా ఫోన్ల ఉన్నది. చూడుండ్రి."

"కండ్లద్దాలు ఇంట్ల మర్సిన."

"జేబులున్నయి."

"ఆ... ఉన్నయి."

"బొట్టున్నదా?"

"ఫోన్ల గిట్ల సరిగ్గ కనవడది."

"ఉన్నదా, లేదా?"

"లేదు."

"ఈ ఫొటోనే కడిగిపిచ్చి అర్జీకి అంటిచ్చిన. లేని బొట్టు బోర్డు మీదికి యాడికెళ్ళొచ్చింది? అసలు అర్జీ తీసి చూడాలన్న తెలివి ఒక్కరికి లేకపాయెనా?"

"అది బీరువల ఉన్నది."

"బీరువ తియ్యరాదా?"

"తాళం దొరుకుతలేదు."

"మీ మొలతాడుకు వేలాడేది ఏంది?"

"ఇది ఇంటి తాళం."

"మీ ఇంటి తాళానికి సంఘం పేరు చీటీ కట్టి ఉన్నదా కాకా? జరుగుండ్రి. నేను మూత తీస్తున్న."

"విజయా! నా మాటిను బిడ్డా. భంగారోడొస్తుండు. మంచి లేజరుది కొందాం. నీకు నచ్చిందే కొందాం. రంగులది కొందాం."

"తీసిన. ఇదేంది?"

"ఏది?"

"అద్దం మీద ఎర్రగ, గుండ్రంగ, పావలా బిళ్ళంత?"

"కుంకుమ."

"కుంకుమని నాకు కనవడ్తుంది. అద్దం మీదికెట్లొచ్చింది?"

"దసరా నాడు పనిముట్లకు పూజ చెయ్యొద్దా? కింద మగ్గాలన్నిటికి బొట్టు పెట్టిన, కొబ్బరికాయ కొట్టిన. పైకొస్తే ఇదొక్కటే మూతి ముడుసుకొని కూసున్నది. సంఘానికింత పని చేస్తది, దీనికి పెట్టకపోతే పాపం గాదా?"

"పోయినేడే చెప్పిన గద, ప్రింటరు మీద పసుపు కుంకుమ పెట్టకుండ్రని! బటన్లల్లకు పోయి ఎంత తిప్పలైంది!"

"నువ్వు మీద పెట్టొద్దన్నవ్. నీ మాట నేను తీసేసిన్నా? మీద పెట్టలే. లోపట పెట్టిన."

"కాకా..."

"నూనెల కలిపి పెట్టిన. రాలొద్దని."

"జిరాక్స్ తీసేటప్పుడు కనపడలేదా?"

"కనవడ్డది. దాని బొట్టు దానికున్నది, మన కాయితం మనం పెడ్తున్నమనుకున్న. కాయితానికి అంటుతదని నాకేమెరుక? నల్లగ దిగుతదని అసలే ఎరుకలేదు."

"అంచుకు అంచు అంత మంచిగ పెట్టకపోయినా ఆ చుక్క ఏ మూలకో పడేది. మీ పనితనం వల్లనే అందరికి సక్కగ నొసటి మీదనే దిగింది. బొట్టున్నోళ్ళకు ఇంకోటి చేరింది, ఎవలు పట్టిచ్చుకోలే. లేనామె ఒక్కతే దొరికింది. మీకెప్పుడెరుకైంది ఇది?"

"నరహరి అందరికి ఫోన్లు కొట్టి ఆదివారం మీటింగు చెప్పినంక. మా ఇంటి కరెంటు బిల్లు జిరాక్స్ తీసిన. బిల్లుకు సుత బొట్టొచ్చింది. అప్పుడు గుండె గుభేలుమన్నది."

"గుభేలుమంటే తుడువాలె గద!"

"పెట్టిన బొట్టు తుడుస్తరా ఎవలన్న? పనిముట్టు బిడ్డా, లక్ష్మి. దాని బొట్టు చేజేతుల చెరిపితే అన్నం పుడ్తదా?"

"మిషన్ బొట్టు చెరిపితే అన్నం పుట్టదు. జమున వదినె బొట్టు చెరిపిన నాడు మీరు అక్కడనే ఉంటిరి గద. అప్పుడు పుట్టిందా అన్నం?"

"అది రివాజు."

"మరిది?"

"ఇది సుత రివాజే. నేను పెట్టిన్నా రివాజులు? నా మీద ఒర్రుతవేంది?"

"నరహరి కాకకు ఫోన్ చేసి చెప్పుండ్రి. ఇప్పుడే."

"ఏమని చెప్పాలె? అధ్యక్షుడు ప్రింటరుకు బొట్టు పెట్టిండు, గది పోయి ముండమోసిన ఆడిదాని నొసటికంటింది అని చెప్పాల్నా? ముందట ఎలక్షన్లున్నయి. నరహరి నా కుర్సీ దిక్కు సూసుడు నీకెరుక లేదా? సూరత్ల ఉన్న తెలుగోళ్ళంత నవ్వుతరు. కడోదర దాంక పాకుతది."

"అందుకే ప్రింటరును భంగార్ల పడేస్తుండ్రు. ఆదివారం ఆమె చెయ్యని తప్పు ఒప్పుకోవాలె, సోమవారం మీరు కొత్త ప్రింటరుకు కొబ్బరికాయ కొట్టాలె."

"కొబ్బరికాయ కింద కొడ్త. లోపట కొట్ట."

"నవ్వొస్తలేదు కాకా. మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?"

"జరాగు. మెట్ల మీద సప్పుడైతుంది. భంగారోడొచ్చినట్టున్నడు. ఆ మూత ఎయ్యి."

"భంగారోడు కాదు. పోశవ్వ వస్తుంది. జమున వదినె అత్త."

"వామ్మో! నేను లేనని చెప్పు."

"కిటికీలకెళ్ళి మిమ్మల్ని చూసి చెయ్యూపింది."

"సోమలింగం, ఉన్నవా?"

"రా అక్కా, రా. ఉన్న. కూసో. ఛాయ్ తాగుతవా?"

"ఛాయ్ తాగెతందుకు మెట్లెక్కుతనా తమ్మీ ఈ మోకాళ్ళతోని? ఆదివారం రమ్మని నరహరి ఫోన్ చేసిండు. నా కోడలు బొట్టు సంగతి. నీతోని మాట్లాడాలె."

"మాట్లాడుదాం. ముందుగాల మోకాళ్ళకేం మందు వాడుతున్నవ్ అక్కా?"

"పోశవ్వా, కాక నీకొక మాట చెప్తడట. చెప్పు కాకా."

"నేనా?"

"మీరే."

"ఏం లేదక్కా... ఆ బొట్టున్నది సూడు... అది నీ కోడలిది కాదు."

"నా కోడలిది కాదా? దాని నొసటి మీదున్నది దానిది కాకపోతే ఎవలది?"

"ప్రింటరుది."

"ఎవల బిడ్డ?"

"మనిషి కాదు పోశవ్వా. మిషన్. ఇగో, ఇది. జిరాక్స్ తీసే మిషన్."

"మిషన్‌కు బొట్టేంది?"

"నేను పెట్టిన అక్కా. దసరా నాడు. కాళ్ళు మొక్కుత, నా తప్పే. నేను దీని లోపట పెట్టిన బొట్టు అందరి కాయితాలకంటింది. నీ కోడలు ఏ తప్పు చెయ్యలే. నిప్పు. నిప్పసుంటి పిల్ల."

"నాకు సమజ్ అయితలేదు. సూపియ్యి పిల్లా."

"ప్లగ్గు పెడ్తున్న. ఇగో, తెల్లకాయితం. రెండు దిక్కుల చూడు, ఏం లేదు గద? అద్దం మీద పెట్టిన. మూతేసిన. వస్తుంది... ఇగో. పట్టుకో."

"సుక్క."

"అదే సుక్క. అందరి నొసటి మీద పడ్డది ఇదే."

"అయితే... అది పెట్టుకోలేదా?"

"పెట్టుకోలే అక్కా. దేవుని తోడు. ఆదివారం మీటింగు బంద్. ఇప్పుడే నరహరికి ఫోన్ కొడ్త. నవ్వితే నవ్వనీ, కుర్సీ పోతే పోనీ."

"ఫోన్ పక్కకు పెట్టు."

"ఎందుకక్కా? ఇంకేం కావాలె నీకు? కోడలు పేరు నిలవడ్డది గద!"

"పక్కకు పెట్టమన్న. విజయా, ఆ బట్ట ఎందుకు తీసినవ్?"

"అద్దం తుడుస్త పోశవ్వా. కాక తుడువలేడట, చేతులొస్తలేవట."

"తుడువకు. నేనొచ్చిన పని ఇంకా చెప్పనే లేదు. నాకు ఆ ఫొటో ఇంకోటి కావాలె. బోర్డు మీద ఎట్లున్నదో గట్లనే."

"బొట్టుతోనా?"

"బొట్టుతోనే. జోల్వకు పంపాలె. ఆడ రవీంద్ర అని మన పిలగాడున్నడు, మగ్గాల మీద మేస్త్రి. భార్య పోయింది. మంచోడు, తాగడు. మొన్ననే పోయి అడిగొచ్చిన. ఫొటో సూపియ్యమన్నడు."

"అక్కా! నువ్వు... నీ కోడలికి... నువ్వే సంబంధం సూసినవా?"

"నోరు మూసుకో తమ్మీ, ఈగలు పోతయి. ఆ ఫొటో బోర్డు మీద సూసిన నాడు నాకు సుత ఒళ్ళు మండింది. చింపి ముఖాన కొడ్తనని గుంజుకొని ఇంటికి పోయిన. తొవ్వల ఒకసారి సూసిన. మల్ల సూసిన. నా కొడుకున్నప్పటి ముఖం తమ్మీ అది. ఆ పిల్ల ముఖం గట్లుంటదని నేను మర్సేపోయిన. ఆడనే కూసోని ఏడ్సిన. నా బొట్టు తీసేనాడు నాకు దానంత వయసు సుత లేదు. నన్ను ఎవలడిగిండ్రు? నేను ఏ అద్దంల సూసుకున్న? నాలెక్క అది బతుకొద్దనిపిచ్చింది."

"అక్కా, అదంత బరాబరే. గని ఆ బొట్టు నేను పెట్టిందాయె! ఆ పిల్ల మనసుల ఏమున్నదో ఏమో. ప్రింటరు మాట పట్టుకొని పెండ్లి సంబంధానికి పోతరా ఎవలన్న?"

"కాక చెప్పేది నిజమే పోశవ్వా. ఆమెను ఒక్కమాట అడగాలె గద ముందు. ఇగో, నేను తీసిన ఫొటో చూడు, వదినె నొసటి మీద ఏం లేదు."

"అడుగకుండ పోతనా పిల్లా? ఫొటో దాని చేతుల పెట్టి, 'ఆదివారం నలుగురు అడుగుతరట, నిజం చెప్పు బిడ్డా, ఈ బొట్టు నువ్వే పెట్టుకున్నవా' అని అడిగిన."

"ఏమన్నది?"

"ఫొటో మల్ల నాకియ్యకుండ కొంగుల దాసుకున్నది. 'అవునత్తా, నేనే పెట్టుకున్న' అన్నది."